మా ఇంటి ముక్కు

ఒక ఆదివారం సాయంత్రం మా వంటింట్లో నలుగురం ఉన్నాం. నలుగురమూ పోవాల్సినవాళ్లం. గ్యాసు కారుతుంటే తలుపులు, కిటికీలు మా చేతులతో మేమే బిగించుకొని, లోపల ఎర్రగా కాలే ఓవెన్ ఒకటి పెట్టుకొని, అందులో ఉడికే ఇటలీ కోడికూర అన్నం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. పోలేదు కాబట్టి రాస్తున్నాను. పోకపోవడంలో నా తెలివి ఆవగింజంత కూడా లేదు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

తలుపులు బిగించుకోవడానికి మాకేం పిచ్చి పట్టలేదు, అలవాటు పట్టింది. మేముండేది చౌటుప్పల్‌లో, హైవేకు ఇవతల ప్లాట్లు పడ్డ చోట. రాష్ట్రం వచ్చిన కొత్తలో తిరుమలగిరి పక్కన మా అత్తగారి ఊళ్లో మగ్గం దించేసి ఇక్కడికి వచ్చాం. మా ఆయనకు మందుల కంపెనీలో ఆపరేటర్ పని దొరికింది. నాకు బ్లౌజులు కుట్టే మిషన్ ఉంది. మా ఒక్కగానొక్క బిడ్డ రోజూ బస్సెక్కి హైదరాబాద్‌కు పోయి డిగ్రీ చదువుతుంది. బతుకు బాగానే ఉంది, ఒక్క వాసన తప్ప.

చలికాలం సాయంత్రమైతే మంచుతోపాటు కంపెనీల వాసన కిందికి దిగుతుంది. ఒకనాడు మురిగిన కోడిగుడ్డు, ఒకనాడు గోళ్లరంగు, ఇంకొకనాడు కుళ్లిన ఉల్లిగడ్డ. కొత్తగా వచ్చినవాళ్లు అర్జీలు రాస్తారు. పాతవాళ్లం కిటికీలు మూస్తాం. మా ఇంట్లో అయితే ఎవరి పని వాళ్లకు పంచి ఉంది. బిడ్డ కిటికీలు మూసేది. నేను టవల్ తడిపి తలుపు సందులో దూర్చేదాన్ని. వంటింటి ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగుతుందని దాన్ని ఆపి, రెక్కల ముందు పాత పేపరు కుక్కేదాన్ని. మా ఆయన మాత్రం వాకిట్లోకి పోయి, ముక్కు పైకెత్తి, తీర్పు చెప్పేవాడు. ఇది మా కంపెనీ మూడో బ్లాకుది, గంటలో పోతుంది అనేవాడు. గంటలో పోయేది. ఇది గాలి తిరిగి వచ్చింది, తెల్లారేదాకా ఉంటుంది అనేవాడు. ఉండేది. ఇరుగుపొరుగువాళ్లు గోడ మీది నుంచి అడిగేవాళ్లు, అన్నా ఇయ్యాల ఏ బ్లాకని. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఊళ్లో మగ్గం మీద ఉన్నప్పుడు ఆయన మాట ఎవరూ అడిగింది లేదు. ఇక్కడ ముక్కు వల్ల ఒక గౌరవం వచ్చింది. నాకూ గొప్పగానే ఉండేది, దాచుకోవడమెందుకు.

కంపెనీలో కూడా ముక్కే పెద్ద దిక్కని ఆయనే చెప్పేవాడు. గోడలకు మీటర్లుంటాయి, అవి కూస్తాయి. కానీ పైపు జాయింటు దగ్గర చుక్క కారితే మీటరు కూసేలోపలే ముక్కుకు తెలుస్తుంది, తెలిసినవాడు వాల్వు మూస్తాడు, మిగతావాళ్లు ఇంటికి పోతారు. ఏటేటా ట్రైనింగులో ఇది చెప్పేవారట. ఆ మాట వినీ వినీ మేం కూడా మా ముక్కులు పక్కన పెట్టేశాం. ఇంటికి ఒక ముక్కు ఉంది, చాలనుకున్నాం.

ఆ చలికాలం మా అత్తమ్మ వచ్చింది. యాదగిరిగుట్టకు పోయి మొక్కు తీర్చుకొని, అటునుంచి అటే మా దగ్గర పది రోజులు ఉండిపోదామని. ఆమె మనిషి పుల్లలా ఉంటుంది, మాట మెత్తన. వయసులో ఉన్నప్పుడు నూలుకు రంగులు అద్దిన మనిషి. రంగు గోలెం మీదికి వంగి, మూత సందులోంచి వాసన పట్టి, పండింది, తియ్యండని చెప్పేదట. ఆమె మాట తప్పిన రోజు లేదని మా మామ చనిపోయేదాకా చెప్పుకునేవాడు.

వచ్చిన మొదటి సాయంత్రమే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని ఇదేం వాసన బిడ్డా అని అడిగింది. కంపెనీది అత్తమ్మా అన్నాం. రెండో రోజు మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాం. మూడో రోజు పక్కింటివాళ్లు పోపు వేస్తే కూడా కంపెనీదా అని అడిగింది. నా బిడ్డ పడిపడి నవ్వింది. నాలుగో రోజు నేను మిషన్ మీద ఉన్నాను, పెళ్లివాళ్ల బ్లౌజులు, తల తిరుగుతున్న పని. అప్పుడే వచ్చి, గిది నిన్నటి వాసన కాదు బిడ్డా అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లో వాసన చూసేందుకు మీ కొడుకున్నాడు అత్తమ్మా, రోజూ గిదే ముచ్చటైతే ఎట్ల, జర ఓర్చుకోండ్రి అన్నాను. ఆమె కొంగు దించుకుంది. ఆ తర్వాత మళ్లీ వాసన ఊసెత్తలేదు.

ఇక ఓవెన్ సంగతి. మా తమ్ముడు గృహప్రవేశానికి ఇచ్చాడు. మూడేళ్లు అట్టపెట్టెలోనే ఉంది. పెట్టె మీద నేను ఇస్త్రీ బట్టలు పెట్టుకునేదాన్ని. ఆ వారం మా బిడ్డ ఫోన్‌లో ఏదో వీడియో చూసింది. ఇటలీలో ఇంటిల్లిపాదికీ కలిపి వండుతారట. కోడి ముక్కలు, పచ్చి బియ్యం, టమాట ఒకే పళ్లెంలో పరిచి, మూతపెట్టి, ఓవెన్‌లో కాలుస్తారట. పళ్లెం తెచ్చి నడుమ పెడితే చుట్టూ కూర్చొని అందరూ అందులోంచే తింటారట. అవ్వ ఉన్నప్పుడే చెయ్యాలని పట్టుబట్టింది. ఇంట్లో పళ్లెం లేదు, చీజ్ లేదు, ఆలివ్ నూనె పేరు వినడమే గాని చూసింది లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నేను దెప్పాను. అయినా ఆదివారం పొద్దున్నే చికెన్ షాపుకు నన్నే తోలింది.

తోలు తియ్యకుండా కాళ్ల ముక్కలు తెచ్చాను. అత్తమ్మ సంబరపడింది. తోలు తీసిన కోడి కోడేనా అని ఆమె అభిప్రాయం. పళ్లేనికి నేను మైసూరుపాకు పోసే లోతు సిల్వర్ పళ్లెం దొరికింది. ఓవెన్‌లో పడుతుందో లేదో మగ్గమోళ్ల ఇల్లు గనక దారంతో కొలిచాం. పట్టింది. వీడియోలో చెప్పిన ఆకుల పొడి మాత్రం నా బిడ్డ దగ్గరే ఉంది. స్నేహితులతో పిజ్జా తిన్నప్పుడల్లా మిగిలిన ఒరెగానో పొట్లాలు బ్యాగులో వేసుకొచ్చి పోపుల డబ్బాలో దాచేది. ఒకటి చింపి అత్తమ్మ ముక్కు దగ్గర పెట్టింది. అత్తమ్మ కళ్లు మూసుకొని, వామాకు లెక్కనే ఉన్నది, మన దొడ్లె ఉండే అంది. నేను వాసన చూస్తే నిజమే, వామాకే. అదే పొట్లం వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకొని కూర్చున్న మా ఆయనకు చూపించాం. ఆయన కూడా కళ్లు మూసుకున్నాడు. మంచిగుంది, జిలకర లెక్క అన్నాడు. అందరం నవ్వాం. అప్పుడైనా నాకు వెలగాల్సింది, వెలగలేదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఓవెన్‌కు పెద్ద ప్లగ్గు కావాలి. వంటింట్లో పెద్ద ప్లగ్గు ఒక్కటే ఉంది, పొయ్యి వెనక. అందుకని పొయ్యిని ఎడమకు రెండు జానలు జరిపి, కుడివైపు ఓవెన్ పెట్టాం. గ్యాసు బండ గట్టు కింద ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది. దాని పైపు చాలలేదు. గట్టు అంచు దగ్గర మడతపడి బిర్రుగా సాగింది. పాత పైపు. బండ తెచ్చే అతను వచ్చినప్పుడల్లా మార్చమనేవాడు, వచ్చే బండకు చూద్దామని నేను అనేదాన్ని. ఆ మడత నేను కళ్లారా చూశాను. చూసి, ఇయ్యాల ఆదివారం గదా, రేపు మారుద్దాంలే అనుకున్నాను.

పల్లినూనె వేడి చేసి ముక్కలను తోలు వైపు ఎర్రగా వేయించాను. అదే నూనెలో ఉల్లిగడ్డ, ఎల్లిపాయలు, క్యాప్సికం, టమాటలు వేశాం. వీడియోలో కారం లేదు. బిడ్డ అటు తిరిగినప్పుడు ఒక చెంచా కారం వేసి కలిపేశాను. కారం లేని కోడికూర తినడానికి మేమేం పాపం చేశామని. ఒరెగానో పొట్లాలన్నీ ఒంపాం. కడిగిన బియ్యం పళ్లెంలో పరిచి, దాని మీద ఆ పులుసంతా పోసి, పైన ముక్కలు పేర్చి, టిఫిన్లకు చుట్టే వెండిరంగు కాగితం బిగించి ఓవెన్‌లో తోశాం. పొయ్యి ఆపేశాను. ఓవెన్ తిప్పాను. లోపల కడ్డీలు మెల్లగా ఎర్రబడ్డాయి, టైమరు టిక్కు టిక్కుమని మొదలుపెట్టింది. పొయ్యి ఆపినా పైపులో గ్యాసు ఉంటుంది. మడత దగ్గర రబ్బరు అప్పటికే పగిలింది. అది మాకెవరికీ తెలియదు.

గ్యాసు గాలికన్నా బరువు. పైకి లేవదు, నేలను పట్టుకొని పరుచుకుంటుంది. ఇది నాకు తర్వాత తెలిసింది. ఓవెన్ గట్టు మీద ఉంది కాబట్టి ఆ ఎర్రటి కడ్డీల దాకా రావడానికి దానికి సమయం పట్టింది. ఆ సమయంలో మేం కూర్చొని కబుర్లు చెప్పుకున్నాం. ఒక్క పళ్లెంలో అందరూ చెయ్యి పెడితే ఎంగిలి కాదా అని అత్తమ్మ అడిగింది. చెంచాలతో తింటం అవ్వా అని బిడ్డ చెప్పింది. చెంచాకు ఎంగిలి అంటదా అని మళ్లీ అడిగింది. ఓవెన్‌లో మధ్యమధ్య ఏదో టక్కుమనేది, కడ్డీలు ఆరిపోయేవి. కాసేపటికి మళ్లీ టక్కుమని వెలిగేవి. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఇరవై నిమిషాలయిందేమో, బిడ్డ ముక్కు ముడిచింది. కంపెనీ వాసన మొదలైందమ్మా అంది. నేనూ గాలి పీల్చాను. కుళ్లిన ఉల్లిగడ్డ. వారంలో రెండుసార్లు వచ్చేదే. ఇక చెప్పేదేముంది, ఎవరి పని వాళ్లం చేశాం. బిడ్డ గదిగదికీ పోయి కిటికీలు బిగించింది. నేను టవల్ తడిపి తలుపు సందులో దూర్చాను. ఫ్యాను ఆపి పేపరు కుక్కాను. మా ఆయన వాకిట్లోకి పోయి వచ్చాడు. మూడో బ్లాకుదేనని, ఆదివారం గదా ట్యాంకులు కడుగుతుండ్రని చెప్పాడు. తలుపు మూసి టవల్‌ను కాలితో మళ్లీ సరిచేశాడు. తలుపు పక్క కిటికీ ఒకటి మిగిలితే మూస్తూ ఎదురింటివాళ్ల కిటికీలు బార్లా తెరిచి ఉండడం నేను చూశాను. వీళ్లకేం జలుబు చేసిందా అనుకొని గొళ్లెం పెట్టాను.

వాసన తగ్గలేదు. తలుపులు మూశాక పెరిగింది. మామూలుగా మూస్తే తగ్గాలి. అది కూడా నాకు తట్టలేదు. బిడ్డ తలనొప్పంది. చదువుకునే పిల్లలకు ఫోన్ చూస్తే తలనొప్పే వస్తుందని కసిరాను. నాక్కూడా కళ్లు మండుతున్నాయి, ఉల్లిగడ్డలు తరిగినందుకనుకున్నాను. మనిషి ఒకటి నమ్మాక దానికి సాక్ష్యాలు తనే వెతుక్కుంటుంది.

పొద్దుగూకింది. అత్తమ్మ లేచి కాళ్లు కడుక్కొని వచ్చింది. మా దేవుని గూడు వంటింట్లోనే, బండకు ఎదురు మూలన నేల మీద పీట వేసి ఉంటుంది. ఆమె ఉన్నన్ని రోజులు సందెదీపం ఆమే పెట్టేది. నేల మీద కూర్చుంది. వత్తి తడిపింది, ప్రమిదలో నూనె పోసింది. అగ్గిపెట్టె తీసి ఒక పుల్ల చేతిలోకి తీసుకుంది. నేను గట్టు దగ్గర పళ్లేలు తుడుస్తూ ఆమె వీపు చూస్తున్నాను. పుల్ల పట్టుకున్న చెయ్యి గీయలేదు. అలాగే ఉండిపోయింది. మోకాళ్లు పట్టేశాయేమోననుకున్నాను.

ఆ కాసేపూ ఆమె ఏం ఆలోచించిందో రెండు రోజుల తర్వాత నాకు చెప్పింది. చెప్పాల్నా వద్దా అని ఆలోచించిందట. చెప్తే మళ్లీ నవ్వుతారని, కోడలు మళ్లీ కసురుతుందని. ఆ మాట విన్నప్పుడు నా నోటి మీద నాకే అసహ్యం వేసింది. నేను నాలుగో రోజు అన్న మాటకు ఇంకొంచెం బలం ఉంటే ఆమె పుల్ల గీసేసేది.

తల తిప్పకుండానే మెల్లగా అడిగింది.

"బిడ్డా, ఒక్క మాట అడుగుత, కోపానికి రాకు. మీ కంపెనీ వాసన నేల మీదికెల్లి వస్తదా?"

వాసనకు నేలేంది, పైనేంది అన్నాను. అలవాటు చొప్పున విసుగు కూడా కలిపాను.

"రంగు గోలెం కాడ బతికినదాన్ని. ఎటుకెల్లి వస్తదో ముక్కుకు తెలుస్తది. గిది కిటికీలకెల్లి వస్తలేదు బిడ్డా. గా బండ కాడికెల్లి వస్తాంది."

నేను కూర్చున్నాను. మోకాళ్ల మీద వంగి ముఖం నేల దగ్గర పెట్టాను. అంతే. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి, గొంతు పట్టుకుంది. గట్టు అంచు దగ్గర సన్నగా సుయ్యిమనే చప్పుడు. నా తలకు మూరెడు పైన టైమరు టిక్కు టిక్కుమంటూనే ఉంది. మా ఆయన్ని పిలిచాను, గొంతు సగమే వచ్చింది.

ఆయన రెండంగల్లో వచ్చాడు. బండ ముందు గొంతుక్కూర్చొని, ముఖం తీసుకుపోయి ఆ పైపుకు ఆనించినట్టే పెట్టాడు. నా ముఖం అంతకన్నా వెనక ఉన్నా నాకు ఊపిరాడడం లేదు. ఆయన ఒకసారి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు.

"ఏం లేదు గదనే" అన్నాడు.

అని తల ఎత్తి నా ముఖం చూశాడు. తర్వాత వాళ్లమ్మ ముఖం చూశాడు. గుమ్మంలో నిలబడ్డ బిడ్డ ముఖం చూశాడు. మా ముగ్గురి ముఖాలు చదివాక ఆయన ముఖంలో రంగు పోయింది.

ఆ తర్వాత ఆయన చేతులు చేసిన పని మాత్రం నేను తప్పు పట్టలేను. బండ మీద రెగ్యులేటర్ తిప్పి మూశాడు. వాళ్లమ్మ చేతిలోంచి అగ్గిపెట్టె, పుల్ల తీసుకొని జేబులో పెట్టుకున్నాడు. ఎవ్వరు ఏ స్విచ్చు ముట్టొద్దు, బయటికి నడువుండ్రి అన్నాడు. నేను ఓవెన్ ఆపబోతే నా చెయ్యి పట్టి లాగేశాడు. వాకిట్లో గోడకున్న మెయిన్ దించాడు. ఇల్లు చీకటైంది, టైమరు మాత్రం లోపల ఇంకా కొట్టుకుంటోంది. అది చావి తిప్పే రకం, కరెంటుతో పనిలేదు. ముక్కుకు అడ్డంగా రుమాలు కట్టుకొని ఆయన లోపలికి పోయి కిటికీలన్నీ తెరిచాడు. ఆయనకు రుమాలు ఎందుకా అని నాకప్పుడే అనిపించింది.

మేం ముగ్గురం వాకిలి దాటి రోడ్డు మీద నిలబడ్డాం. మంచు పడుతోంది. నేను గట్టిగా గాలి పీల్చుకున్నాను, బతికానా లేదా చూసుకోవడానికి. అప్పుడు తెలిసింది. బయట వాసన లేదు. ఏ వాసనా లేదు. చల్లటి శుభ్రమైన గాలి. ఆ సాయంత్రం ఏ కంపెనీ ఏమీ వదల్లేదు. అరగంట కింద ఆయన ఈ వాకిట్లోనే నిలబడి, ఈ గాలిలోకే ముక్కెత్తి, మూడో బ్లాకని చెప్పి, లోపలికి వచ్చి టవల్ సరిచేశాడు.

ఆయన బయటికి వచ్చి ప్రహరీ గోడ మీద కూర్చున్నాడు. నాకు భయం కన్నా ముందు కోపం వచ్చింది. పక్కన నిలబడి, ఎప్పటిసంది అని అడిగాను. దాచలేదు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయింది, మళ్లీ రాలేదన్నాడు. అప్పుడు మా ఇంట్లో అందరికీ పోయింది. నాకు పదిహేను రోజులకు కరివేపాకు పోపుతో వచ్చింది, నేను ఏడ్చాను కూడా. నాకు కూడా వచ్చిందని ఆయనా అన్నాడు. వాసన రానివాళ్లను పనిలోకి రానియ్యలేదట, అందుకని వచ్చిందన్నాడు. అంతకుముందు నుంచే తగ్గుతూ ఉండెనో, కరోనాతోనే పోయెనో, కంపెనీతోనే పోయెనో ఆయనకు కూడా తెలియదు. ఇన్నేళ్లు ఏ బ్లాకో ఎట్లా చెప్పావని అడిగాను. టైము చూస్తానని, గాలి ఎటు ఉందో చూస్తానని, ఆ వారం ఏ బ్లాకులో ఏం పని నడుస్తుందో తెలుసు గనక చెప్తానని అన్నాడు.

"వాసన ఉన్నదా లేదా గదెట్ల తెలుస్తది?"

"మీ మొఖాలు చూస్త" అన్నాడు.

ఇన్నేళ్లు నేను చారు పెడితే గుమగుమలాడుతుందన్న మనిషి. నేను కొత్త సబ్బు వాడితే కనిపెట్టిన మనిషి. సబ్బు కాగితం చూసి కనిపెట్టాడన్నమాట. కొట్టాలనిపించింది. వాళ్లమ్మ పక్కన ఉంది గనక కొట్టలేదు. అత్తమ్మ వచ్చి కొడుకు తల మీద చెయ్యి వేసి అలా నిలబడింది. ఎవలకు చెప్పకుండ్రి అని ఆయన మా ముగ్గురినీ అడిగాడు. బిడ్డ డిగ్రీ అయ్యేదాకన్నా అన్నాడు.

గంటసేపు ఇల్లంతా గాలి ఆడాక లోపలికి పోయాం. ముందు అత్తమ్మ పోయింది. నేల దగ్గర వంగి, బండ దగ్గర, మూలమూలన వాసన చూసి, ఇగ రాండ్రి అంది. ఆ రోజు నుంచి మా ఇంటి ముక్కు ఆమె అయింది, ఉన్న నాలుగు రోజులకు. మెయిన్ పెట్టాం. ఓవెన్ మళ్లీ తిప్పే ధైర్యం ఎవరికీ లేదు. తెరిచి చూస్తే ఉన్న వేడికే మగ్గి అన్నం ఉడికింది. నడుమ గింజ కొంచెం పలుకు. ముక్కలు ఎముక దగ్గర మెత్తగా ఉన్నాయి. చీజ్ ఎలాగూ లేదు.

పళ్లెం తెచ్చి చాప మీద నడుమ పెట్టాను. చెంచాలు తేవడం మరిచిపోయాను. అందరికన్నా ముందు అత్తమ్మ చెయ్యి పెట్టింది, ఎంగిలి గింగిలి అనలేదు. నా బిడ్డ ఏడుస్తూనే తింది. కారం వేశావు గదమ్మా అని ఆ ఏడుపులోనే పట్టేసింది. అందరం కింద చూసి తింటున్నాం. మా ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకొని, వాసన మస్తుగున్నది అన్నాడు.

అలవాటుగా వచ్చేసిన మాట. అన్నాక ఆయనకే తెలిసింది. నమలడం ఆపేశాడు. ఎవరం తల ఎత్తలేదు. అప్పుడు అత్తమ్మ ఇంకో ముక్క ఆయన వైపు జరిపి చెప్పింది.

"వామాకు లెక్కుంటది బిడ్డా. మన దొడ్లె బాయి పక్కపొంటి ఉండే, చిన్నగున్నప్పుడు నలిపి చూసేటోనివి. గదే వాసన."

ఆయన తల ఊపి తిన్నాడు. నా కోపమంతా అక్కడే పోయింది, భయం మిగిలింది.

తెల్లారి ఆయనకు మొదటి షిఫ్టు. మిగిలిన అన్నం డబ్బాలో పెట్టాను. ఆయన గుమ్మంలో కూర్చొని బూట్లు తొడుక్కుంటున్నాడు. రాత్రంతా నన్ను తిన్న మాట ఉండనే ఉంది. పక్కన కూర్చొని మెల్లగా అడిగాను, కంపెనీ లోపట వాసన వస్తే నీకెట్ల తెలుస్తదని. మీటర్లున్నయి అన్నాడు. మీటరు కన్న ముందు ముక్కని నువ్వే గదా చెప్తివి అన్నాను. లేసు ముడి వేసుకున్నాడు. తర్వాత, మిషన్ మీద నాతోని ఇంకొకాయన ఉంటడు, ఆయన మొఖం చూస్త అన్నాడు. ఆ ఇంకొకాయన నాకు తెలుసు. ఈయన కన్నా పాత మనిషి, మా ఇంటికి రెండుసార్లు వచ్చాడు.

ఆయన ముక్కన్న మంచిగున్నదా అని అడిగాను.

"ఆయనది నాకన్న ముందే పోయింది" అన్నాడు. "ఆయన నా మొఖం చూస్తడు."

మలుపు దగ్గర కంపెనీ బస్సు హారన్ కొట్టింది. డబ్బా బ్యాగులో పెట్టుకొని, పైపు ఇయ్యాలనే మార్పియ్యమని నాకు చెప్పి, ఆయన వెళ్లి బస్సెక్కాడు.